కంటికోసం వ్రాసే కథ

మన ఆలంకారికులు కావ్యాన్ని దృశ్యమనీ, శ్రవ్యమనీ రెండు తెగలుగా విభజించారు. రేడియో నాటకం పూర్తిగా చెవికి సంబంధించిన కళ. చలనచిత్రం ప్రధానంగా కంటికి సంబంధించిన కళ. ఈ భేదం ఎరుగనివారు ఉండరు. అయినా సినిమాకు కథ వ్రాయడానికి కూర్చున్నప్పుడు దీనిని జ్ఞాపకం ఉంచుకునేవారు మాత్రం తక్కువ.

పది పదిహేను నిమిషాలలో ముగిసే లఘుచిత్రాలను సొంతంగా తీయాలనే ఉత్సాహం ఈనాడు యువతీయువకులలో విశేషంగా కనిపిస్తున్నది. పూర్వం సినిమా తీయాలంటే మద్రాసు వెళ్ళి, స్టూడియో గుమ్మాల ముందు పడిగాపులు పడవలసి వచ్చేది. ఇప్పుడు జేబులో ఉన్న సెల్‌ఫోనే కెమేరా. అందుచేత ఏదో ఒకనాడు మన ఇంట్లోనే అబ్బాయో అమ్మాయో వచ్చి, "చిన్న సినిమా తీస్తాను, కొంత సొమ్ము ఇవ్వండి" అని అడగవచ్చు. ఇవ్వవచ్చునా, ఇవ్వరాదా? కాదంటే పిల్లల ఉత్సాహం చల్లారిపోతుంది. ఔనంటే కష్టార్జితం నీళ్ళపాలు కావచ్చు. ఈ సందేహానికి సమాధానం కెమేరాలో దొరకదు. కాగితం మీద దొరుకుతుంది. "కథ వ్రాశావా? చదివి వినిపించు" అని పెద్దలు అడగాలి. అయితే ఆ వ్రాత ఎట్లా ఉండాలో అడిగేవారికీ, వ్రాసేవారికీ కూడా తెలిసి ఉండాలి.

తెలుగు చిత్రాల ప్రారంభంలో పేర్లు వేసేటప్పుడు "మాటలు" అని ఒక రచయిత పేరు ప్రముఖంగా కనిపిస్తుంది. అందువల్ల సినిమాకు వ్రాయడమంటే సంభాషణలు వ్రాయడమేనన్న అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. "చిత్రానువాదం" అనీ, "స్క్రీన్‌ప్లే" అనీ వేసే మరొక పేరును మనం అంతగా పట్టించుకోము. నిజానికి కథను దృశ్యాలుగా విభజించి, ఏది ముందు చూపాలి, ఏది వెనుక చూపాలి, ఏది చూపకుండా వదలాలి అని నిర్ణయించే రచన అదే. భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పాడు. వాటిలో వాచికం ఒక్కటే మాటలకు సంబంధించినది. తక్కిన మూడింటినీ విడిచిపెట్టి, ఉన్న బరువంతా నాలుగో వంతు మీద మోపడం న్యాయం కాదు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. కథానికలో రచయిత ఇట్లా వ్రాశాడనుకుందాం: "రాఘవయ్యకు కొడుకు మీద కోపం తీరలేదు, కాని ప్రేమ కూడా చావలేదు." అచ్చులో ఈ వాక్యం చాలు. రేడియోలో చాలదు. మైక్రోఫోనుకు మనస్సు వినిపించదు గనుక పక్కన భార్యను నిలబెట్టాలి. "వాడి ఊసు నా దగ్గర ఎత్తకు" అని రాఘవయ్య కసురుకుంటాడు. కాస్సేపు నిశ్శబ్దం. తరువాత, "వీధి తలుపు గడియ వేశావా?" అంటాడు. "వేశాను" అంటుంది ఆమె. "తీసి ఉంచు" అంటాడు ఆయన. శ్రోతకు విషయమంతా అర్థమైపోతుంది.

దీనినే లఘుచిత్రంగా వ్రాయాలంటే భార్య అవసరం కూడా లేదు. రాత్రివేళ. రాఘవయ్య ఒంటరిగా భోజనం ముగించి, వీధి తలుపు వేసి, గడియ బిగించి, దీపం ఆర్పి పడుకుంటాడు. చీకటిలో మంచం కిర్రుమంటుంది. ఆయన లేచి వచ్చి, చప్పుడు కాకుండా గడియ తీసి, మళ్ళీ వెళ్ళి పడుకుంటాడు. అంతే. కోపం గడియ వేయడంలో ఉంది. ప్రేమ దానిని తీయడంలో ఉంది. కెమేరా ఆలోచనలను చూడలేదు, చేష్టలను మాత్రమే చూడగలదు. కనుక "బాధపడ్డాడు", "పశ్చాత్తాపం చెందాడు" అని వ్రాసిన ప్రతి చోటా, బాధపడిన మనిషి ఏమి చేస్తాడో దానిని వ్రాయాలి. చిత్రానువాదానికి ప్రథమ సూత్రం ఇదే.

ఈ సూత్రానికి లోకప్రసిద్ధమైన నిదర్శనం ఒకటి ఉన్నది. 1956లో ఆల్బేర్ లామొరీస్ అనే ఫ్రెంచి దర్శకుడు "ఎర్ర బెలూను" అనే 34 నిమిషాల చిత్రం తీశాడు. ఇందులో కథానాయకుడు ఒక చిన్న పిల్లవాడు. ఆ వేషం వేసినది దర్శకుని కుమారుడు పాస్కల్. చిత్రీకరణ జరిగినది పారిస్ నగరంలో సామాన్యులు నివసించే పాతపేటలో. చిత్రంలో సంభాషణలు వేళ్ళమీద లెక్కించదగినంత తక్కువ. అయినా 1957లో ఆస్కార్ బహుమతులు ఇచ్చినప్పుడు, ఉత్తమ స్వతంత్ర చిత్రానువాదానికి ఇచ్చే బహుమతి దీనికే లభించింది. ఆ పోటీలో ఇటలీ దర్శకుడు ఫెలీనీ తీసిన "లా స్ట్రాడా" వంటి పూర్తి నిడివి చిత్రాలు ఉన్నాయి. మాటలు దాదాపుగా లేని ఒక చిన్న చిత్రం ఉత్తమ రచనగా ఎన్నికైనదంటే, రచన అన్న పదానికి సినిమాలో ఉన్న అర్థమేమిటో గ్రహించవచ్చు.

ఆ రచనలోని నేర్పు ఎట్టిదో పరిశీలిద్దాం. బడికి వెళ్ళే పిల్లవాడికి దీపస్తంభానికి చిక్కుకున్న ఎర్ర బెలూను దొరుకుతుంది. దానిని తన దగ్గర ఉంచుకోవాలన్నదే వాడి కోరిక. ఇక అక్కడినుండి ప్రతి తావులోనూ ఒక అడ్డంకి. బెలూనుతో బస్సు ఎక్కనివ్వరు. ఇంట్లో ఉంచనివ్వరు. అది బడికి వెంట రావడంతో పెద్దమాస్టరు పిల్లవాణ్ణి గదిలో పెట్టి తాళం వేస్తాడు. ప్రార్థనామందిరంలోకి వస్తే బయటకు పంపిస్తారు. చివరకు ఆకతాయి పిల్లలమూక బెలూనును కొట్టి పాడుచేస్తుంది. అప్పుడు నగరంలోని బెలూనులన్నీ తరలివచ్చి పిల్లవాణ్ణి ఆకాశంలోకి ఎత్తుకుపోతాయి. ఒక కోరిక, దానికి క్రమంగా పెరిగే అడ్డంకులు, ఒక నష్టం, ఒక ముగింపు: ఇదే కథాశరీరం. బస్సు, బడి, ఇల్లు, వీధి అన్నీ నిత్యమూ చూసేవే. బూడిదరంగు గోడల మధ్య ఎర్రని వస్తువు ఒక్కటే కొత్తది.

మన దేశంలోనూ ఇట్టి ప్రయత్నం జరిగింది. 1964లో అమెరికా టెలివిజన్‌లో "ఎస్సో వరల్డ్ థియేటర్" అనే కార్యక్రమం కోసం, బెంగాలు నేపథ్యంగా ఇంగ్లీషులో ఒక చిన్న చిత్రం తీయవలసిందిగా సత్యజిత్ రాయ్‌ని కోరారు. బెంగాలీ పిల్లల చేత ఇంగ్లీషు పలికించడం కంటే అసలు మాటలే లేకుండా తీయడం మేలని ఆయన నిశ్చయించాడు. సుమారు 12 నిమిషాల ఆ చిత్రం పేరు "టూ", అంటే "ఇద్దరు". మేడలో ఒక ధనికుల పిల్లవాడు, కిటికీకి అవతల గుడిసెలో ఒక పేదపిల్లవాడు. వీడు వేణువు ఊదితే వాడు బొమ్మబాకా ఊదుతాడు. వీడు గాలిపటం ఎగరవేస్తే వాడు గాలితుపాకితో దానిని పడగొడతాడు. చివరకు మేడలోని బొమ్మలన్నీ ఒకేసారి మ్రోగుతూ ఉండగా కిటికీలోనుండి వేణుగానం మళ్ళీ వినిపిస్తుంది. ధనిక దరిద్ర భేదాలను గురించి ఒక్క ఉపన్యాసమైనా లేదు. ఇద్దరు పిల్లలు, ఒక కిటికీ, కొన్ని ఆటవస్తువులు. చెప్పవలసినదంతా వాటితోనే చెప్పాడు.

ఇంతవరకూ కళను గూర్చి అనుకున్నాము. ఇక డబ్బు మాట. నిర్మాతల అండ లేకుండా సొంతంగా తీసేవారికి రచనే పొదుపు. అమెరికాలో మాయా డెరెన్ అనే యువతి 1943లో తన భర్త అలెగ్జాండర్ హామిడ్‌తో కలిసి 14 నిమిషాల చిత్రం తీసింది. అది కలలోని కలవలె సాగుతుంది. తాము నివసించే ఇల్లే రంగస్థలం. నటీనటులు తామిద్దరే. ఒక తాళంచెవి, ఒక కత్తి, ఒక పువ్వు, టెలిఫోను వంటి ఇంటి సామానులే అందులోని ఉపకరణాలు. వాడినది 16 మిల్లీమీటర్ల ఫిల్ము. "మంచమున్నంతవరకే కాళ్ళు చాచుకోవాలి" అన్న సామెతను మనం సాధారణంగా నిరుత్సాహపరచడానికి ఉపయోగిస్తాము. ఈమె తన మంచం కొలతను ముందుగా తీసుకొని, దానికి సరిపడే కథను అల్లుకున్నది.

ఆ రోజులలో ఫిల్ము ఖర్చు ఎంత కఠినమైనదో ఒక లెక్కవల్ల తెలుస్తుంది. 16 మిల్లీమీటర్ల ఫిల్ము 100 అడుగుల చుట్ట, సెకనుకు 24 బొమ్మల చొప్పున నడిస్తే, 2 నిమిషాల 45 సెకన్లలో అయిపోతుంది. పది నిమిషాల చిత్రానికి, ఒక్క పొరపాటూ జరగకపోయినా, నాలుగు చుట్టలు కావాలి. ప్రతి దృశ్యాన్నీ మూడుసార్లు తీస్తే పదకొండు చుట్టలు. అందుచేత ఆనాటి స్వతంత్ర దర్శకులు మీట నొక్కడానికి ముందు కాగితం మీద పదిసార్లు ఆలోచించేవారు. ఈనాటి సెల్‌ఫోనులో ఆ ఖర్చు లేదు. కాని దానితోపాటు ఆ ఆలోచన కూడా పోయే ప్రమాదం ఉంది. ఫిల్ము ఖర్చు లేకపోయినా మనుషుల కాలం, వారి భోజనం, ప్రయాణం ఊరికే రావు. సంధ్యవెలుగు దర్శకుని కోసం అరగంట ఆగదు.

ప్రకృతి ఎట్లా ఆగదో "పథేర్ పాంచాలి" చరిత్ర తెలుపుతుంది. అది లఘుచిత్రం కాదు, పూర్తి నిడివి చిత్రం. అయినా సొంతంగా తీయదలచినవారందరూ తెలుసుకోదగినది. 1952లో రాయ్ తన ఉద్యోగం చేసుకుంటూనే, సెలవు దినాలలో చిత్రీకరణ ప్రారంభించాడు. తెల్లని రెల్లుపూల పొలంలో కొంత దృశ్యం తీసి, కొద్ది రోజుల తరువాత తక్కినది తీయడానికి తిరిగి వెళ్ళేసరికి పశువులు ఆ పూలన్నీ మేసివేశాయి. మళ్ళీ పూలు పూసే ఋతువు వరకూ ఆగవలసివచ్చింది. సొమ్ముకోసం ఆయన భీమా పాలసీ మీద అప్పు చేశాడు, గ్రామఫోను రికార్డులు అమ్ముకున్నాడు, భార్య నగలు తాకట్టు పెట్టాడు. చివరకు పశ్చిమ బెంగాలు ప్రభుత్వం సొమ్ము ఇవ్వగా చిత్రం పూర్తయి 1955లో విడుదలైంది. ఈ కథను మన యువకులు తరచుగా ఉదాహరిస్తారు. నగల తాకట్టును మాత్రమే జ్ఞాపకం పెట్టుకుంటారు. ఆయన వద్ద పద్ధతి ప్రకారం వ్రాసిన ప్రతి లేకపోయినా, దృశ్యాలను వరుసగా బొమ్మలు గీసి ఉంచుకున్న పుస్తకం ఉన్నదన్న సంగతి మరచిపోతారు. అనుకరించవలసినది నగల తాకట్టును కాదు, ఆ బొమ్మల పుస్తకాన్ని.

ఇక వ్రాసే విధానం. మొదట కథ ఆలోచించకూడదు. తనకు ఉచితంగా లభించేవాటి పట్టిక వ్రాసుకోవాలి. మేనమామ గారి పెంకుటిల్లు, ఊరి చెరువుగట్టు, తాతగారి సైకిలు, నటించగల ఇద్దరు స్నేహితులు, ఇట్లాగ. కథ ఆ పట్టికలోనుండి పుట్టాలి. తరువాత కథను మూడు వాక్యాలలో చెప్పగలగాలి: ఎవరికి ఏమి కావాలి, ఏది అడ్డువచ్చింది, తుదకు ఏమి మారింది. మూడు వాక్యాలకు లొంగని కథ పది నిమిషాలకు లొంగదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్లు కథ కుదరకముందే చిత్రానికి పేరు పెట్టి, ప్రకటన బొమ్మలు వేయించడం తగదు.

పిమ్మట దృశ్యాలుగా విభజించాలి. ప్రతి దృశ్యానికి పైన స్థలం, లోపలా బయటా, పగలా రాత్రా అన్నది వ్రాయాలి. క్రింద కనిపించేదీ వినిపించేదీ మాత్రమే, వర్తమానకాలంలో వ్రాయాలి. ఇంగ్లీషు పద్ధతిలో టైపు చేసిన ఒక పుట సుమారు ఒక నిమిషానికి సమానమని చెబుతారు. మన లిపిలో, మన చేతివ్రాతలో ఆ లెక్క నిలవదు. కనుక గడియారం దగ్గర ఉంచుకొని, ప్రతి చేష్టనూ మనస్సులో నడిపిస్తూ చదివి, కాలం కట్టుకోవాలి. రాఘవయ్య మంచం మీద నుండి తలుపు వరకు నడవడానికి పట్టే కాలం కూడా అందులో చేరుతుంది. మాటలను అన్నిటికన్న చివర వ్రాయాలి. వ్రాసిన ప్రతి మాటనూ ఒకసారి కొట్టివేసి చూడాలి. కథ అర్థమవుతూనే ఉంటే ఆ మాట అనవసరం. ఇతరుల కథను గాని, పాటను గాని వాడుకోదలిస్తే ముందుగా వ్రాతమూలకంగా అనుమతి పొందాలి.

చిత్రం పూర్తయిన తరువాత చూపించే బాధ్యత కూడా తీసినవారిదే. 1946లో మాయా డెరెన్ న్యూయార్కులో ఒక చిన్న నాటకశాలను అద్దెకు తీసుకొని తన చిత్రాలను తానే ప్రదర్శించింది. ఈనాడు ఊరి గ్రంథాలయంలో ఒక తెల్లని దుప్పటి కట్టి ఇరవైమందికి చూపినా చాలు. ఏ చోట వారు కదలకుండా చూశారో, ఏ చోట దగ్గారో, గుమ్మం వంక ఎప్పుడు చూశారో గమనిస్తే, రెండవ చిత్రం వ్రాయడానికి కావలసిన పాఠం అక్కడే దొరుకుతుంది.

కాబట్టి ఇంట్లోని పిల్లలు వచ్చి సొమ్ము అడిగినప్పుడు పెద్దలు మూడు ప్రశ్నలు వేయవచ్చు. కథ మూడు వాక్యాలలో ఏమిటి? అందులో మనకు లేనిది ఏమేమి ఉంది? మాటలన్నీ తీసివేస్తే ఎంత మిగులుతుంది? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవారికి, ఉన్నంతలో, తాకట్టు పెట్టకుండా ఇవ్వగలిగినంత ఇవ్వవచ్చు. జవాబు చెప్పలేనివారికి ఒక నోటుపుస్తకం, కలం కొనిపెట్టి, "వచ్చే నెలలో మళ్ళీ వినిపించు" అని చెప్పి పంపడమే వారికి చేయగల నిజమైన సహాయం.