మహాసభకు ముందు జరుగు పని

గురుపూర్ణిమకు కైవారమున జరుగు సంగీతోత్సవమును మన విద్యార్థులలో చూడనివారు అరుదు. మొదటి పాట వినబడుటకు ఎంతో ముందే, ఎవరెప్పుడు పాడవలెను, వచ్చినవారికి భోజనమెక్కడ, బస యెక్కడ అని పెద్దలు నిర్ణయింతురు. ఒక క్షేత్రమున జరుగు ఉత్సవమునకే ఇంత పని యుండగా, దేశమంతటి జనులు కూడి ఆలోచించు సభకెంత యుండవలెను! అట్టి సభ యొకటి మనకు చేరువనే జరిగినది.

1969 మే 15 నుండి 25 వరకు బెంగళూరు ధర్మారామ్ కళాశాలలో కతోలికుల అఖిల భారత సదస్సు జరిగినది. మేత్రాణులు, అనగా పీఠాధిపతులు, గురువులు, మఠకన్యలు మాత్రమే గాక గృహస్థులైన స్త్రీపురుషులును అందు పాల్గొనిరి. నేటి భారతదేశమున శ్రీసభ, అనగా వారి మతసంఘము, ఎట్లుండవలెననునది చర్చనీయాంశము. రోమునందు 1962 అక్టోబరు 11న ఆరంభమై 1965 డిసెంబరు 8న ముగిసిన రెండవ వాటికన్ మహాసభ నిర్ణయములను మన దేశమునకు ఎట్లు అన్వయింపవలెనని అందు విచారించిరి.

ఆ వాటికన్ సభయు హఠాత్తుగా కూడినది కాదు. పోపు ఇరువదిమూడవ జాన్ 1959 జనవరి 25న దానిని ప్రకటించిరి. ప్రపంచమందలి మేత్రాణుల అభిప్రాయములను లిఖితముగా తెప్పించి, పరిశీలించి, చిత్తుప్రతులు సిద్ధపరచుటకు మూడేండ్లకు పైగా పట్టినది. బెంగళూరు సదస్సుకును ముందుగా ప్రాంతీయ సదస్సులు జరిపిరి, చర్చాపత్రములు వ్రాసిరి.

ఈ శ్రమ యెందులకు? దేశసభలలో సాధారణముగా ఆంగ్లము నడచును. పల్లెలోని కూలి స్త్రీ అచటికి పోయినను ఏ భాషలో తన బాధ చెప్పుకొనును? ఆమె మాట వినదగిన చోటు ఆమె యూరి గుడియే. వినదగిన భాష ఆమె తల్లిభాషయే. అక్కడ విని వ్రాసికొననిచో, మహాసభలో ఆమెను గూర్చి ఇతరులు మాటలాడుదురే గాని ఆమె మాట వినబడదు. పోపు ఫ్రాన్సిస్ 2021 అక్టోబరులో ఆరంభించిన సంప్రదింపులు ఆయా ప్రాంతముల పీఠముల నుండియే మొదలైనవి. 2023లో రోమున కూడిన సభలో కొందరు గృహస్థులకును, స్త్రీలకును ఓటుహక్కు లభించినది.

ఏ మతమువారమైనను మనకిందొక పాఠము కలదు. ఇంట తెలుగు, కార్యాలయములలో కన్నడము నడచు మన ప్రాంతమున, సభలలో మౌనముగా కూర్చుండి మరలిపోవు తల్లులను మేము పలుమారు చూచితిమి. వారికి చెప్పవలసినది లేక కాదు, ముందుగా అడిగినవారు లేక. విద్యార్థులారా! రాబోవు తల్లిదండ్రుల సభకు ముందునాటి రాత్రి మీ అమ్మ నడిగి, ఆమె మాటను ఆమె చెప్పినట్లే తెలుగులో వ్రాసి తెండు. మేము దానిని సభలో చదివెదము.