సాంతెమిలియోన్ – ఒక ద్రాక్షపల్లె

ఫ్రాన్సు దేశమునకు నైరుతి దిక్కున, అట్లాంటిక్ మహాసముద్రమునకు చేరువలో, బోర్డో అను రేవుపట్టణము కలదు. దానికి తూర్పుగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున, దోర్దోన్ నదికి ఉత్తరమున, ఒక కొండచరియపై సాంతెమిలియోన్ అను చిన్న గ్రామమున్నది. అందలి జనసంఖ్య రెండువేలకు లోపే. అయినను ఆ గ్రామనామము నెరుగని దేశము అరుదు. ఇంత చిన్న పల్లెకు అంత పెద్ద పేరెట్లు వచ్చినది? దాని నేల, దాని రాయి, దాని ప్రజల పట్టుదల, ఈ మూడును కారణములు.

మొదట నేలసంగతి చూతము. గ్రామము నిలిచిన మెట్ట యంతయు సున్నపురాయి. దాని వాలులందు సున్నపురాతితో కలిసిన బంకమన్ను, పడమటి యంచున గులకనేల, నదివైపున ఇసుకనేల కలవు. సున్నపురాయి వానకాలమున నీటిని పీల్చుకొని, ఎండకాలమున కొంచెము కొంచెముగా వేళ్లకందించును. బంకమన్ను చల్లగానుండును. అట్టి నేల మెర్లో అను నల్లద్రాక్షకు మిక్కిలి అనుకూలము. సముద్రము చేరువనుండుటచేత ఎండలును చలులును సాధారణముగా మితముగా నుండును. శీతకాలమున రైతులు తీగలను కత్తిరింతురు. వసంతమున చిగుళ్లు వేయును. జూను మాసమున పూతపట్టును. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో కోత జరుగును. ఈ పండ్లను పులియబెట్టి, ఓకుచెక్క పీపాలలో నిలువచేసి ద్రాక్షాసవము తయారుచేయుదురు. మద్యపానము మనకు మేలుచేయునది కాదు. కాని ఒక పంటను నమ్ముకొని ఒక పల్లె శతాబ్దముల తరబడి ఎట్లు బ్రతికినదో తెలిసికొనుట మేలే.

ఇక రాతికథ. క్రీ.శ. 8వ శతాబ్దమున బ్రిటనీ ప్రాంతమునుండి ఎమిలియోన్ అను క్రైస్తవముని ఇచటికి వచ్చి, ఒక గుహలో తపస్సు చేసెనని జనులు చెప్పుదురు. ఆయన పేరే ఊరిపేరైనది. తరువాత 12వ శతాబ్దమున ఆ గుహ చెంతనే ఒక ప్రార్థనాలయమును నిర్మించిరి. 'నిర్మించిరి' అనుటకంటె 'తొలిచిరి' అనుట యుక్తము. ఉండవల్లి గుహలయందు మన పూర్వులు కొండను తొలిచినట్లే, అచటి శిల్పులు ఒకే సున్నపురాతిని లోపలినుండి చెక్కి, దాదాపు 38 మీటర్ల పొడవు, 12 మీటర్ల ఎత్తుగల మందిరమును, దానిని మోయు స్తంభములను సృష్టించిరి. దాని పైభాగమున మెట్టమీద నిలిచిన గంటగోపురము ఎత్తు 68 మీటర్లు.

గ్రామపు ఇండ్లు, ప్రాకారములు కట్టుటకు రాయి ఎచటిది? కాళ్లక్రింది నేలనుండియే తీసిరి. బోర్డో నగర భవనములకును ఈ ప్రాంతపు రాయి తరలినది. అందుచేత గ్రామము క్రింద మైళ్లకొలది సొరంగములేర్పడినవి. కొన్ని సొరంగములలో ఏడాది పొడుగునా ఒకే చల్లదనముండుటచేత పీపాలను వానియందు దాచుదురు. పైన ద్రాక్షతీగ, క్రింద పీపా!

ఆ చీకటి బిలములే ఒకప్పుడు మనుష్యులకును ఆశ్రయమిచ్చినవి. ఫ్రెంచి విప్లవకాలమున జిరోండు పక్షపు నాయకులు కొందరు ప్రాణభయముతో పారిస్ విడిచి ఇటు వచ్చిరి. వారిలో ఒకడగు గ్వాదె ఈ గ్రామమున పుట్టినవాడే. ఆయన బంధువగు బూకే అను స్త్రీ, తన ఇంటి బావిద్వారా చేరదగిన బిలములో వారిని దాచి పోషించెను. 1794 సంవత్సరమున గ్వాదె పట్టువడి మరణశిక్ష పొందెను. ఆశ్రయమిచ్చిన బూకేకును అదే శిక్ష ప్రాప్తించినది.

ఈ గ్రామము తన పంటకు తానే కాపలాదారు. 1199లో, ఈ ప్రాంతము ఇంగ్లండు రాజుల యేలుబడిలో నున్నప్పుడు, జాన్ రాజు గ్రామపాలనాధికారమును స్థానికపెద్దలకు శాసనపూర్వకముగా ఒసగెను. ఆ పెద్దల సభకు జురాద్ అని పేరు. కోత ఎన్నడు మొదలిడవలెనో చాటుట, పీపాలపై గుర్తువేయుట, నాసిసరకును త్రోసిపుచ్చుట వారి పనులు. పచ్చికాయలను తొందరపడి కోసిన ఒక్క రైతువలన ఊరందరి పేరు చెడునని వారెరుగుదురు. విప్లవముతో ఆ సభ అంతరించినను, 1948లో రైతులు దానిని పునరుద్ధరించిరి. నేడు దానికి పాలనాధికారము లేదు. ఎర్రని అంగీలు ధరించిన సభ్యులు కోతకాలమున పురాతన గోపురమెక్కి నేటికిని కోతప్రారంభమును చాటుచుందురు.

ఆపదలు లేకపోలేదు. 1860 తరువాత అమెరికానుండి వచ్చిన తీగలతోపాటు ఫిల్లోక్సెరా అను మిక్కిలి చిన్న కీటకము ఫ్రాన్సున ప్రవేశించి, ద్రాక్షవేళ్లను పీల్చి, తోటలకు తోటలను ఎండగట్టినది. 1868లో ప్లాంషాన్ మొదలగు శాస్త్రజ్ఞులు దానిని గుర్తించిరి. మందులు, నీటిముంపు మొదలగునవన్నియు ప్రయత్నించిరి. కడకు ఒక ఉపాయము ఫలించినది. అమెరికా ద్రాక్షవేళ్లు ఆ పురుగును ఓర్చుకొనగలవు. కాని వాని పండ్లకు ఫ్రెంచిపండ్ల రుచి లేదు. కావున అమెరికా వేరుపై ఫ్రెంచి కొమ్మను అంటుకట్టిరి. మామిడి అంటు కట్టుట చూచిన మీకిది వింతగా తోపదు. వ్యాధి తెచ్చిన దేశమే మందును కూడ ఇచ్చినది. ఆ కాలముననే, 1884లో, ఇచటి రైతులు తమ సంఘమును స్థాపించుకొనిరి.

1956 ఫిబ్రవరిలో గడ్డుమంచు పడి వేలాది తీగలు మాడిపోగా, రైతులు వానిని పెకలించి మరల నాటిరి. క్రొత్తతీగ మంచికాపుకు రావలెనన్న ఏండ్లు పట్టును. అంతవరకు ఓర్చినవారే నిలిచిరి. 1990 దశాబ్దమున వేరొక చింత కలిగినది. తొలిచిన రాతిమందిరపు స్తంభములు పైనున్న గోపురపు భారమునకు బలహీనపడగా, ఉక్కు ఊతలు అమర్చి వానిని కాపాడిరి.

1999లో యునెస్కో సంస్థ ఈ గ్రామమును, చుట్టుప్రక్కల ఏడు గ్రామములను కలిపి ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ద్రాక్షతోటల భూభాగమునకు అట్టి గౌరవము లభించుట అదే ప్రథమము. కోటలకు, దేవాలయములకు దక్కు గౌరవము రైతు దున్నిన భూమికిని దక్కినదన్నమాట.

బాలలారా! మీ ఊరినేలను ఒకసారి పరికింపుడు. అది నల్లరేగడియా, ఎర్రనేలయా, ఇసుకయా? దానిపై ఏ పంట ఏల పండుచున్నది? చెరువును ఎవరు త్రవ్వించిరి? ఏ కరవు వచ్చినప్పుడు పెద్దలేమి చేసిరి? మీ తాతలను అడిగి వ్రాసికొనుడు. సాంతెమిలియోన్ ప్రజలు తమ నేలగుణమును ఎరిగి, తమ కథను భద్రపరచుకొనిరి గనుకనే దానిని లోకము గుర్తించినది. అడుగువారు లేనిచో మన ఊళ్ల కథలు పెద్దలతోనే పోవును.