నికాహ్‌కు ముందు ఒక రక్తపరీక్ష

తల్లిదండ్రుల పోలికలు వచ్చినట్లే కొన్ని జబ్బులూ బిడ్డలకు వంశంలో దిగివస్తాయి. మనలో దాదాపు ప్రతి జన్యువూ జంటగా ఉంటుంది: ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. కొన్ని జబ్బుల్లో ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. లోపం పైకి కనబడదు, కానీ పోదు. బఠాణీ మొక్కలను పెంచి మెండెల్ 1866లో ప్రకటించిన సూత్రం ఇదే.

తలసీమియా ఇలాంటిదే. హీమోగ్లోబిన్ జన్యువు ఒకటి చెడినవారు వాహకులు, చూడటానికి ఆరోగ్యవంతులే. ఇద్దరు వాహకులకు పెళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది గనుక తర్వాతివారికి రాదనుకోకూడదు. కోడలిని నిందించడమూ అన్యాయం. లోపం ఇద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బు.

ఆ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, సాధారణంగా జీవితాంతం, రక్తం ఎక్కించాలి. ఒంట్లో పేరుకునే ఇనుము పోవడానికి మందులు వాడాలి. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఇలాంటి పిల్లలకే సేవ చేస్తోంది.

చిన్నాన్న, మేనమామ పిల్లలతో సంబంధాలు మనలో మామూలే. ఒకే తాత, నానమ్మల లోపం ఇద్దరికీ చేరి ఉండవచ్చు. అందుకే మోతీనగర్ పెద్దలకు మనవి: మాట ఖాయం చేసుకునే ముందు అబ్బాయికీ అమ్మాయికీ హెచ్‌బీఏ2 పరీక్ష చేయించండి. ఒకరే వాహకులై, రెండోవారి ఫలితం బాగుంటే బిడ్డకు ఈ జబ్బు రాదనే ధైర్యం ఉంటుంది. ఇద్దరూ వాహకులైతే వైద్యుల సలహా తీసుకోండి. పెళ్లయిపోయినవారు గర్భం తొలి వారాల్లోనే అడగండి. ఆరోగ్యంగా ఉన్న యువకులు రక్తదానం చేయండి.