వరి కోతల నాడే వేసవి మేతకు లెక్క: పాడి రైతుకు ఖర్చు తగ్గించే మార్గాలు

పాల ఉత్పత్తికి అయ్యే ఖర్చులో సగానికి పైగా మేత, దాణాలదే. అయితే ఈ ఖర్చు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. నవంబరు, డిసెంబరు నెలల్లో వరి కోతలప్పుడు గడ్డి అందుబాటులో ఉంటుంది, ధర కూడా తక్కువే. ఏప్రిల్, మే వచ్చేసరికి అదే గడ్డికి ధర పెరుగుతుంది, ఒక్కోసారి డబ్బిచ్చినా దొరకదు. మేత లేక చూడి గేదెను సైతం సంతలో వచ్చిన ధరకు అమ్ముకోవలసి వచ్చేది ఆ రోజుల్లోనే. తొలకరి పడ్డాక మళ్లీ అలాంటి గేదెను కొనాలంటే అమ్మిన డబ్బు చాలదు. కాబట్టి వేసవి మేతకు ఏర్పాట్లు ఇప్పుడే చేసుకోవాలి.

ఎంత మేత కావాలి?

పశువుకు రోజుకు దాని బరువులో 2.5 నుంచి 3 శాతం వరకు పొడి పదార్థం అవసరం. పొడి పదార్థం అంటే మేతలోని నీరు పోగా మిగిలేది. ఎండుగడ్డిలో ఇది సుమారు 90 శాతం, పాతరగడ్డిలో (సైలేజ్) 30 శాతం, పచ్చిగడ్డిలో 20 శాతం ఉంటుంది. 400 కిలోల గేదెకు రోజుకు 10–12 కిలోల పొడి పదార్థం అందాలి.

4 లీటర్ల పాలిచ్చే గేదెకు రోజుకు 5 కిలోల ఎండుగడ్డి, 15 కిలోల పాతరగడ్డి, 3 కిలోల దాణా ఇస్తే ఈ అవసరం తీరుతుంది. మీకు రెండు గేదెలు ఉంటే ఫిబ్రవరి నుంచి మే వరకు 120 రోజులకు 1,200 కిలోల ఎండుగడ్డి, 3,600 కిలోల పాతరగడ్డి కావాలి. వృథా కింద మరో 10 శాతం కలుపుకోండి. మీ వాములో ఎంత గడ్డి ఉందో చూసి, తక్కువ పడేది ఇప్పుడే కొనండి.

ధరను ఎలా పోల్చాలి?

కిలో ధర చూసి మేత కొంటే మోసపోతాం. నీటికి కూడా డబ్బు కట్టినట్లవుతుంది. ఉదాహరణకు పచ్చిగడ్డి కిలో 3 రూపాయలు, ఎండుగడ్డి కిలో 6 రూపాయలు అనుకుందాం. పచ్చిగడ్డే చవక అనిపిస్తుంది. కానీ కిలో పొడి పదార్థానికి లెక్కిస్తే పచ్చిగడ్డికి 15 రూపాయలు, ఎండుగడ్డికి 6 రూపాయల 70 పైసలు పడుతుంది. ధరను పొడి పదార్థం శాతంతో భాగించి 100తో గుణిస్తే ఈ లెక్క వస్తుంది. మీ ఊరి ధరలతో వేసి చూడండి.

అలాగని ఎండుగడ్డి ఒక్కటే వేస్తే పాలు పడిపోతాయి. వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే. కడుపు నింపడానికి గడ్డి, పాలకు పచ్చిమేత, దాణా అని గుర్తుంచుకోండి. వేరుశనగ కట్టె, కంది పొట్టు, మినుము, పెసర పొట్టులో మాంసకృత్తులు వరిగడ్డి కంటే ఎక్కువ. వీటిని కళ్లంలో వదిలేయకుండా నిల్వ చేసుకోండి.

వరిగడ్డిని కాల్చవద్దు

హార్వెస్టరుతో కోసిన పొలంలో గడ్డి చెల్లాచెదురుగా పడి ఉంటుంది. దాన్ని బాగా ఎండనిచ్చి బేలరుతో కట్టలు కట్టించాలి. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి పిలిపిస్తే రవాణా ఖర్చు కలిసొస్తుంది. కట్టలను నేల మీద కాకుండా రాళ్లు లేదా దుంగల మీద పేర్చి, వాన పడకుండా కప్పాలి. నల్లబడి బూజు పట్టిన గడ్డిని పశువులకు వేయకూడదు.

యూరియాతో గడ్డి విలువ పెంచడం

100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించాలి. గడ్డిని పొరలుగా పరిచి, ప్రతి పొర మీద ద్రావణం సమానంగా చల్లి, బాగా తొక్కాలి. గాలి చొరబడకుండా పాలిథీన్ పట్టాతో కప్పి 21 రోజులు ఉంచాలి. దీనివల్ల గడ్డి మెత్తబడి బాగా జీర్ణమవుతుంది, మాంసకృత్తుల విలువ 7–8 శాతానికి చేరుతుంది.

జాగ్రత్తలు:
• యూరియా 4 కిలోలకు మించకూడదు.
• వేసే ముందు గడ్డిని గంటసేపు ఆరబెట్టి ఘాటు వాసన పోనివ్వాలి.
• మొదట మామూలు గడ్డిలో కొద్దిగా కలిపి, వారం పది రోజుల్లో పెంచుకుంటూ పోవాలి.
• 6 నెలల లోపు దూడలకు పెట్టకూడదు.
• యూరియా నీళ్లు పశువులు తాగితే ప్రాణాపాయం. ద్రావణం కలిపిన తొట్టి, బకెట్లు వెంటనే కడిగేయాలి.

పాతరగడ్డి

నీటి వసతి ఉంటే కొద్దిపాటి స్థలంలో మొక్కజొన్న వేయండి. గింజ పాలు పోసుకుని గట్టిపడుతున్న దశలో కోసి, అర అంగుళం నుంచి అంగుళం ముక్కలుగా నరకాలి. గుంతలో పొరలుగా వేసి గాలి పోయేలా గట్టిగా తొక్కి, పట్టా కప్పి పైన మట్టి వేయాలి. ఒక ఘనపు మీటరు గుంతలో సుమారు 500 కిలోలు పడుతుంది. అంటే పైన చెప్పిన రెండు గేదెలకు 2 మీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత చాలు. నీరు ఊరని మెరక స్థలం ఎంచుకోండి. 45 రోజుల తర్వాత తీసి వాడుకోవచ్చు. మంచి పాతరగడ్డి పుల్లటి కమ్మని వాసన వస్తుంది. తెరిచాక రోజూ ఒక పక్క నుంచి తీసి మళ్లీ కప్పాలి. గుంత తవ్వలేని వారు గాలి చొరబడని సైలేజ్ సంచుల్లో కూడా చేసుకోవచ్చు.

నరికి వేస్తే వృథా తగ్గుతుంది

గడ్డిని నిలువుగా నేల మీద వేస్తే పశువు మెత్తని భాగం తిని మిగతాది తొక్కేస్తుంది. చాఫ్ కట్టరుతో నరికి గాడిలో వేయండి. కొత్తగా మేత కొనే ముందు ఈ వృథాను ఆపడమే చవక.

పశువులన్నిటికీ ఒకే మేత వద్దు

పాలిచ్చే పశువులు, చూడి పశువులు, వట్టిపోయినవి, దూడలు – వేరువేరుగా చూసుకోండి. శరీర పోషణకు కిలో నుంచి కిలోన్నర దాణా, ఆపైన గేదె ఇచ్చే ప్రతి 2 లీటర్ల పాలకు, ఆవు ఇచ్చే ప్రతి 2.5 లీటర్ల పాలకు మరో కిలో చొప్పున ఇవ్వాలి. చూడి చివరి 2 నెలల్లో దాణా తగ్గించవద్దు. అక్కడ మిగిల్చిన డబ్బు ఈనిన తర్వాత పాలలో పోతుంది. పదేపదే పొర్లుతున్న పశువును పశువైద్యుడికి చూపించండి. నయం కాదని తేలితే మేత ఖరీదయ్యే దాకా ఆగకుండా ముందే నిర్ణయం తీసుకోండి.

ఇంటి దాణా

100 కిలోలకు: మొక్కజొన్న నూక 35 కిలోలు, వేరుశనగ చెక్క 15, పత్తిగింజల చెక్క 15, తవుడు 32, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. ధరలను బట్టి చెక్కలను మార్చుకోవచ్చు. బూజు పట్టిన చెక్క ఎంత చవకగా వచ్చినా కొనవద్దు.

ఇక్కడ మాత్రం పొదుపు వద్దు

శుభ్రమైన నీరు రోజంతా అందుబాటులో ఉంచాలి. నీళ్లు తక్కువైతే ఎంత మేత వేసినా పాలు రావు. పచ్చిమేత లేని రోజుల్లో నీటి ఎద్దడికి గురైన లేత జొన్నను, పిలక జొన్నను మేపడం ప్రమాదకరం, విషం ఎక్కి పశువు నిమిషాల్లో చనిపోవచ్చు. జొన్నను తడి ఇచ్చి పూత దశకు వచ్చాకే కోసి వేయండి. సుబాబుల్ ఆకు పచ్చిమేతలో మూడో వంతు మించకూడదు.

యూరియా గడ్డి, పాతరగడ్డి మొదటిసారి చేస్తున్నవారు మీ గ్రామ పశువైద్య సిబ్బంది సమక్షంలో చేసుకోవడం మంచిది. పశువుకు ఉబ్బరం, వణుకు, నురగ వంటి లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా 1962కు ఫోన్ చేయండి.