వరద పంచుతుంది, మడుగు పెంచుతుంది

ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు వెళ్ళే దారిలో పెన్న దాటేవాళ్ళకు ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. నైరుతి చివర్లోనో, అక్టోబరు, నవంబరు వానల్లోనో ఏరు పారుతుంది. ఒక్కోసారి విరుచుకుపడుతుంది. 2021 నవంబరులో కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెన కూలింది, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. వరద తీశాక పల్లాల్లో, గుంతల్లో మడుగులు మిగులుతాయి. వాటిలో చిక్కుకున్న చేపల మీద వల పడేలోపే పరాన్నజీవులు పడతాయి.

నదీ మైదానాల్లో జీవులను నడిపించేది ఏటా వచ్చిపోయే వరదేనని 1989లో వోల్ఫ్‌గాంగ్ యుంక్, ఆయన సహచరులు సిద్ధాంతీకరించారు. చేపను పట్టుకుని బతికే జీవులకూ ఇది వర్తిస్తుంది. ఏరు పారుతున్నంతసేపూ చేపలు చెదిరిపోతాయి, నత్తలు కొట్టుకుపోతాయి, పురుగు పిల్లకు చేప దొరకడం కష్టం. అయితే అదే వరద చెరువుల అలుగులు దాటించి చేపలనూ, వాటితోపాటే పురుగులనూ కొత్త నీళ్ళకు చేరుస్తుంది.

మడుగు ఇంకేకొద్దీ కథ మారుతుంది. నీరు తగ్గి చేపలు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతాయి. నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గడంతో వాటి రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. చేపపేనుకు ఇంతకన్నా ఏం కావాలి? ఇది నలకంత, పలచటి జీవి. రెండు చూషకాలతో పొలుసుల మీద అతుక్కుని, సూదిలాంటి ముల్లుతో చర్మం గుచ్చి రక్తం పీలుస్తుంది. గుడ్లు పెట్టే వేళకు ఆడపేను చేపను వదిలి, వాటిని రాళ్ళకూ పుల్లలకూ వరసగా అంటిస్తుంది. పిల్లలు ఈదుకుంటూ పక్క చేపను పట్టుకుంటాయి.

కొరమీను, మట్టగిడసల కండలోనో, లోపలి అవయవాల్లోనో కనిపించే పసుపుపచ్చని గింజల్లాంటి తిత్తుల దారి దీనికన్నా పొడవు. ఆ తిత్తుల్లో ఉండేది ఓ పురుగు పిల్ల; ఎదిగిన పురుగు కొంగ గొంతులో ఉంటుంది. కొంగ నీటిలో ముక్కు ముంచినప్పుడు గుడ్లు రాలతాయి. అందులోంచి వచ్చిన పిల్ల నత్తలో చేరి వందలు, వేలుగా పెరుగుతుంది. అవి బయటికొచ్చి చేప చర్మంలోకి దూరి తిత్తి కట్టుకుంటాయి. ఆ చేపను మళ్ళీ కొంగ మింగాలి. నత్త, చేప, కొంగ మూడూ ఒక్కచోట చేరడానికి ఎండుతున్న మడుగు అనువైన చోటు.

ఈ తిత్తులున్న చేపను బాగా ఉడికిస్తే పురుగు చస్తుంది. పచ్చిగా, సగం ఉడికించి తింటే అరుదుగా మనిషి గొంతులోనూ అంటుకుంటుంది. జపాన్, కొరియాల్లో అలాంటి కేసులు నమోదయ్యాయి. మన పులుసుకు ఆ భయం లేదు.

జాగ్రత్త పడాల్సింది చేపల చెరువుల వాళ్ళు. మడుగులో పట్టిన చేపలను తెచ్చి చెరువులో వదలొద్దు. విత్తనపు పిల్లలను లీటరు నీటికి 20 నుంచి 30 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళలో కాసేపు ముంచి, అవి తిరగబడేలోగా తీసి వదలండి. చెరువులో పేను కనిపిస్తే వెదురు బద్దలు నాటి, గుడ్లు అంటుకున్నాక తీసి ఎండలో వేయండి. వరదను ఆపడం మన చేతిలో లేదు గానీ, అది తెచ్చిన పురుగును చెరువుకు రాకుండా ఆపడం మన చేతిలోనే ఉంది.