గుండె కండరము - కాల్షియము - ఫాస్ఫేటు

విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషమునకు సుమారు 70 సార్లు కొట్టుకొనును. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలములోని సలేశ్వరము లోయలోనికి దిగి, తిరిగి పైకెక్కు యాత్రికుని గుండె అంతకంటె ఎంతో వేగముగా, బలముగా కొట్టుకొనును. వేగము పెరిగినకొలది ఒక్కొక్క స్పందనమునకు లభించు కాలము తగ్గును గదా! అంత తక్కువ వ్యవధిలో గుండె గట్టిగా సంకోచించి, మరల చక్కగా సడలుట ఎట్లు సాధ్యము?

సంకోచమునకు కాల్షియము అవసరమని 1883లో సిడ్నీ రింగర్ కప్ప గుండెపై చేసిన ప్రయోగములలో చూపెను. గుండె కండరకణములో సార్కోప్లాస్మిక్ జాలకము అను సన్నని గొట్టముల అల్లిక కలదు. ఇది కాల్షియమును నిలువచేయు తొట్టి వంటిది. విద్యుత్ప్రేరణ కలిగినపుడు బయటినుండి కొద్దిపాటి కాల్షియము కణములో ప్రవేశించి, ఈ తొట్టికిగల రయనోడిన్ గ్రాహకములను తెరచును. అప్పుడు తొట్టిలోని కాల్షియము వెలువడి, కణద్రవములో దాని గాఢత సుమారు పదిరెట్లు పెరుగును. అది ట్రోపోనిన్ అను ప్రోటీనుతో కలియగా కండరము సంకోచించును. పిమ్మట సెర్కా అను ప్రోటీను పంపు వలె పనిచేసి, కాల్షియములో అధికభాగమును తిరిగి తొట్టిలోనికి తోడును. కండరము సడలును.

ఈ పంపును అదుపులో ఉంచునది ఫాస్ఫోలాంబాన్. ఇది 52 ఎమైనో ఆమ్లములుగల చిన్న ప్రోటీను. మామూలు స్థితిలో పంపు వేగమును తగ్గించుచుండును. శరీరము శ్రమించునపుడు ఎడ్రినలిన్ ప్రభావముచే కణములో ప్రోటీన్ కైనేజ్-ఎ అను ఎన్‌జైము చైతన్యవంతమగును. ఇది ఏటీపీ నుండి ఒక ఫాస్ఫేటును తీసి, ఫాస్ఫోలాంబాన్‌లో 16వ స్థానమునగల సెరీనుకు తగిలించును. దీనినే ఫాస్ఫారిలీకరణము అందురు. ఫాస్ఫేటునకు ఋణవిద్యుదావేశము ఉండుటచే ఆ ప్రోటీను ఆకృతి మారి, పంపుపై దాని పట్టు వదలును.

దీనివలన రెండు ఫలితములు కలుగును. కాల్షియము త్వరగా తొలగుటచే గుండె త్వరగా సడలి, రక్తముతో నిండుటకు వ్యవధి దొరకును. తొట్టి బాగుగా నిండుటచే తరువాతి స్పందనములో ఎక్కువ కాల్షియము వెలువడి సంకోచము బలపడును. శ్రమ ముగిసిన తరువాత ఫాస్ఫటేజు ఎన్‌జైములు ఆ ఫాస్ఫేటును తొలగించును.

ఫాస్ఫేటునిచ్చు ఏటీపీని 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డులో కనుగొన్నవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనెను. ఫాస్ఫేటు తగులుట, తొలగుటల చేత ప్రోటీనుల పని మారునని నిరూపించిన ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమానము లభించినది.

అయితే ఈ ఏర్పాటు నిరంతరము ప్రేరేపింపబడుట మంచిది కాదు. గుండె బలహీనపడిన రోగులలో రయనోడిన్ గ్రాహకములకు అధికముగా ఫాస్ఫేటు తగిలినచో, మూసియుండవలసిన సమయమున కూడ వాటినుండి కాల్షియము కారవచ్చును. తొట్టి వెలితిపడి సంకోచము తగ్గును. గుండె లయ తప్పవచ్చును. ఎడ్రినలిన్ ప్రభావమును తగ్గించు బీటా నిరోధక ఔషధములు ఇట్టి రోగులలో పెక్కుమంది ఆయుర్దాయమును పెంచుచున్నవి. ఆరోగ్యవంతమైన గుండెకు ఫాస్ఫేటు అవసరమైనపుడు తగులుట ఎంత ముఖ్యమో, పని తీరగనే తొలగుటయు అంతే ముఖ్యము.