కాండీ నగరమున ఒక దినము

క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, మాచర్లకు సమీపమునగల కృష్ణానది లోయలో ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి విలసిల్లెను. వీరపురుషదత్తుని పరిపాలనలో పదునాలుగవ యేట బోధిసిరి యను ఉపాసిక అచట వేయించిన శాసనములో తామ్రపర్ణి, అనగా సింహళద్వీపపు భిక్షువుల ప్రసక్తి కలదు. 'సీహళ విహారము' అను పేరును అందు కనబడుచున్నది. సముద్రము దాటి వచ్చిన పరదేశులకు పల్నాటిసీమ నీడ నిచ్చెననుటకు ఇది సాక్ష్యము. సాగరు జలాశయమున ఆ లోయ మునిగిపోయినను, త్రవ్వకములలో దొరకిన శిల్పములను నాగార్జునకొండ ద్వీపముమీది ప్రదర్శనశాలలో చూడవచ్చును.

ఇది జరిగిన పదునైదు వందల సంవత్సరములకు ప్రయాణము ఎదురు దిక్కున సాగినది. తెలుగు మూలముగల నాయకవంశీయులు దక్షిణదేశమునుండి సింహళమునకు పోయి, అచట రాజులైరి. వారు నివసించిన ప్రాసాదము శ్రీలంకలోని కాండీ నగరమున నున్నది.

కొలంబోనుండి కాండీకి సుమారు 115 కిలోమీటర్లు. బస్సులున్నను రైలు ప్రయాణమే మేలు. 1867లో కాండీ చేరిన ఈ రైలుమార్గము మొదట పొలముల నడుమ సాగి, పిమ్మట కొండలనెక్కుచు, సొరంగములు దూరుచు పోవును. కిటికీలోనుండి ఆ కొండలను చూచినవానికి చరిత్ర కొంత తనంతట బోధపడును. సముద్రతీరమును పోర్చుగీసువారు, డచ్చివారు, ఆంగ్లేయులు వరుసగా ఆక్రమించినను, కాండీ రాజ్యము 1815 వరకు స్వతంత్రముగా నిలిచినది. కొండలును అడవులునే దానికి కోటగోడలు. కొండవీటి ప్రాకారములను చూచిన కన్నులతో అట్టివానికై అచట వెదకిన ప్రయోజనము లేదు.

ప్రాసాదమును చూడగానే 'ఇంతేనా?' అనిపించుట సహజము. మధురలోని తిరుమలనాయకుని మహలువంటి బ్రహ్మాండమైన స్తంభములు ఇచట లేవు. వాలుగా దిగిన పెంకుల కప్పులు, తెల్లని గోడలు, కొయ్యస్తంభములు మాత్రమే కలవు. రాజు నివసించిన భాగము పురావస్తు ప్రదర్శనశాలగను, రాణివాసము జాతీయ ప్రదర్శనశాలగను మారినవి. ఆవరణపు గోడ అంచు మేఘములవలె వంపులు తిరిగియుండును. ఆ గోడలోని చిన్న గూళ్లు దీపములు పెట్టుటకు ఏర్పడినవి. ఎదుట సరస్సు, దాని నడుమ చిన్న దీవి. నిజమునకు ఈ సొగసు రాళ్లలో కంటె అమరికలో నున్నది.

ప్రాసాదము ప్రక్కనే, బుద్ధుని దంతమును పదిలపరచిన దళదా మాళిగావ యను ఆలయము కలదు. కళింగదేశపు దంతపురమునుండి హేమమాల యను రాకుమారి ఆ దంతమును తన కొప్పులో దాచి తెచ్చెనని సింహళగాథ. శ్రీకాకుళము జిల్లాలోని దంతపురమే అదియని కొందరి అభిప్రాయము. దంతధాతువు ఎవరి రక్షణలో నుండునో వారికే రాజ్యార్హత యని సింహళీయులు విశ్వసించిరి. రాజగృహమును ఆలయమును ఒకేచోట నుండుటకు కారణమిదియే.

1739లో వీరనరేంద్రసింహుడు పట్టపురాణివలన సంతానము లేక మరణించెను. అంతట మధుర నాయకుల బంధువర్గమునకు చెందిన ఆ రాణి సోదరుడు, శ్రీవిజయరాజసింహుడను పేర సింహాసన మెక్కెను. యుద్ధముచేసి గెలిచిన రాజ్యము కాదు, పెండ్లి సంబంధమున దక్కినది. కత్తితో గెలిచినవానికి కత్తియే అండ. ఇట్టివానికి ప్రజల మన్నన తప్ప వేరు అండ లేదు. 1747లో రాజైన కీర్తిశ్రీరాజసింహుడు ఈ సంగతిని చక్కగ గ్రహించెను. అతడు శైవకుటుంబమున పుట్టినవాడు. అయినను, దేశమున భిక్షువులకు ఉపసంపద నిచ్చువారే కరవైనప్పుడు, 1753లో సయాముదేశమునుండి ఉపాలి మహాథేరుని రప్పించి సంఘమును నిలబెట్టెను. 1760లో తనను చంపుటకు కుట్ర జరిగినను ఆ ధర్మకార్యమును విడువలేదు. అచటి సయామ నికాయమునకు ఆనాడు పడిన పునాదియే ఆధారము.

ఆ వంశమున కడపటివాడు శ్రీవిక్రమరాజసింహుడు. అతని కాలముననే, 1803లో, కాండీలో ప్రవేశించిన ఆంగ్ల సైన్యము నాశనమైనది. ఇప్పుడు యాత్రికులు మెచ్చు అష్టకోణ మండపమును, 1807 నాటి సరస్సును అతడే కట్టించెను. కాని ప్రజలచే వెట్టిచేయించుట, నాయకులను అనుమానించుట అతనికి చేటు తెచ్చినవి. ప్రధాని ఎహెలెపోల 1814లో ఆంగ్లేయులను ఆశ్రయింపగా, రాజు అతని భార్యాబిడ్డలను చంపించెను. ఈ పనిని ఎవరును సమర్థింపలేరు. మరుసటి సంవత్సరము ఆంగ్లేయులు మరల వచ్చినపుడు, రాజు పక్షమున నిలిచినవారు స్వల్పము.

ప్రాసాదములో తప్పక చూడదగినది మగుల్ మడువ యను కొలువుకూటము. చెక్కడపు పనిగల దాని కొయ్యస్తంభముల నడుమ 1815 మార్చి 2వ తేదీన సింహళ నాయకులు రాజ్యమును ఆంగ్లేయుల కప్పగించిరి. రాజబంధువులకు సింహాసనముపై హక్కు లేదని ఆ ఒడంబడికలోనే వ్రాసిరి. డెబ్బదియారు సంవత్సరములు ఏలిన వంశము ఆ దినమున తిరిగి పరదేశి వంశమైనది. ఆంగ్లేయులను నమ్మిన ఎహెలెపోల గతియు మెరుగుగా లేదు. వారతనిని మారిషసు దీవికి పంపివేసిరి.

రాజును పరివారముతో కూడ వేలూరునకు తరలించిరి. అచటనే అతడు 1832 జనవరి 30వ తేదీన మరణించెను. పాలారు ఒడ్డున అతని సమాధి కలదు. సింహళమునకు పోలేని తెలుగు విద్యార్థులు చిత్తూరుమీదుగా వేలూరు పోయిరావచ్చును. అచటి కోటలోని ఒక భవనమునకు కాండీ మహల్ అని పేరు.